టాప్ ఆఫ్ ద పాప్స్ వెయ్యో ఎపిసోడ్ వెనకాల పడి లండన్, మాంచెస్టర్ తిరిగితే

లండన్ వెళ్ళినవాళ్ళు టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ ఎలాగూ చూస్తారు, వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఇది పాత ఇంగ్లిష్ పాప్ పాటల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం. బీబీసీ టీవీలో 1964 నుంచి 2006 దాకా వారం వారం వచ్చిన హిట్ పాటల షో టాప్ ఆఫ్ ద పాప్స్‌కి 1983 మే 5న వెయ్యో ఎపిసోడ్ పడింది. ఆ వారం హిట్ పాటల లిస్టులో నంబర్ వన్ స్పాండావ్ బాలే అనే బ్యాండు. అప్పట్లో అక్కడ టీవీల్లో స్టీరియో లేదు, అందుకని అదే షోని అదే టైముకి బీబీసీ వాళ్ళదే రేడియో వన్‌లో స్టీరియోలో వేశారు. అంటే జనం టీవీ సౌండ్ తగ్గించేసి, పక్కన రేడియో పెట్టుకుని చూశారన్నమాట! మన చిత్రలహరికి అలాంటి వైభోగం ఎక్కడిది.

ఆ రోజుల్లో షో వచ్చింది వైట్ సిటీలోని బీబీసీ టెలివిజన్ సెంటర్ నుంచి. ట్యూబ్ (లండన్ మెట్రో) సెంట్రల్ లైన్‌లో వైట్ సిటీ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే అదే. 2013లో బీబీసీ చాలావరకు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, ఇప్పుడు అందులో ఖరీదైన ఫ్లాట్లు, ఆఫీసులు, హోటల్, రెస్టారెంట్లు ఉన్నాయి. స్టూడియోలు కొన్ని మాత్రం ఇంకా నడుస్తున్నాయి. పాతకాలం బీబీసీ టూర్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ముందున్న ఆవరణలోకి టికెట్ లేకుండానే వెళ్ళొచ్చు. స్టూడియో వన్ ఇటుక గోడ మీద వరసగా గుండ్రటి చుక్కల డిజైన్ ఉంటుంది, పాత ఫొటోల్లో చూసిందే, దాని ముందు నిలబడితే నాకైతే ఒళ్ళు జలదరించింది. మా బావ మాత్రం "గోడ చూడ్డానికా ఇంత దూరం లాక్కొచ్చావ్" అని కాఫీ షాపులో కూర్చుండిపోయాడు. కాఫీ బాగుంది, రేటు చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. టాప్ ఆఫ్ ద పాప్స్ పేరుతో బోర్డు గట్రా నాకెక్కడా కనబడలేదు.

టీవీలో చూస్తే వందలమంది కుర్రకారు ఎగురుతున్నట్టుండేది కదా, నిజానికి ఆ జనం కొద్దిమందే. ఒక స్టేజి దగ్గర పాట అయిపోగానే వాళ్ళందర్నీ ఇంకో స్టేజి వైపు తోలేవాళ్ళు, కెమెరా అడ్డం వస్తే పక్కకి నెట్టేవాళ్ళు. స్టూడియో బయట కొలతలు చూశాక ఇది ఇంకా బాగా అర్థమవుతుంది.

బస షెపర్డ్స్ బుష్‌లో, పాత ఇంటిని హోటల్ చేసిన చోట. వైట్ సిటీకి నడిచి వెళ్ళేంత దగ్గర, పక్కనే వెస్ట్‌ఫీల్డ్ మాల్, ట్యూబ్ కూడా దగ్గరే, ఇంతవరకు పది మార్కులు. లిఫ్ట్ లేదు. సూట్‌కేస్ నేల మీద తెరిస్తే బాత్రూం తలుపు తెరుచుకోదు. చెకౌట్ అయ్యాక సాయంత్రం దాకా సామాను ఉంచమంటే ఒక్కో బ్యాగుకి ఇంత అని డబ్బులడిగారు, బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. రిసెప్షన్‌లో అమ్మాయి మాత్రం మర్యాదస్తురాలు, తన చేతిలో ఏముంది పాపం. పెద్దవాళ్ళతో వెళ్తే లిఫ్ట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.

1991లో షో బీబీసీ ఎల్స్‌ట్రీ స్టూడియోలకి మారి పదేళ్ళు అక్కడే ఉంది. అది లండన్ శివార్లలో బోర్‌హామ్‌వుడ్‌లో. బయటి గోడా గేటూ తప్ప ఏం కనబడవు, నా మాట విని మానేయండి.

మాంచెస్టర్ వేరే లెక్క. మొదటి ఎపిసోడ్ 1964 జనవరి 1న వచ్చింది అక్కణ్ణుంచే, రషోమ్ పేటలో డికెన్సన్ రోడ్డు మీద, చర్చిని స్టూడియోగా మార్చిన భవనంలో. ఆ భవనం కూల్చేశారు, ఆ మొదటి ఎపిసోడ్ టేపు కూడా మిగల్లేదు, అరవైల్లోవి చాలావరకు చెరిపేశారు. అంటే చూడ్డానికి మిగిలింది ఆ వీధీ, ఇళ్ళూ. అయినా వెళ్ళమంటాను, ఎందుకంటే పక్కనే విల్మ్స్లో రోడ్డు, దాన్నే కర్రీ మైల్ అంటారు. బొగ్గుల మీద కాల్చిన కబాబులు, తందూర్‌లోంచి తీసి పెట్టే నాన్‌లు, అర్ధరాత్రి దాకా సందడి. లండన్ తిండి బిల్లులు చూసి బెంగపడ్డ ప్రాణం అక్కడ కుదుటపడింది. దోసె, ఇడ్లీ కావాలనుకుంటే మాత్రం ఇది వాటి చోటు కాదు, అవి లండన్‌లో ఈస్ట్ హామ్‌లోనే తినేసి రండి.

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి మాంచెస్టర్ పికడిల్లీకి రైలు రెండు గంటల పైచిలుకు. టికెట్ వారాల ముందు కొనుక్కుంటే సరి, అప్పటికప్పుడు కొంటే ఫ్లైటే నయమనిపిస్తుంది. సిటీ సెంటర్ నుంచి రషోమ్‌కి 142, 143 పసుపు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, కార్డు ఆనిస్తే చాలు. యూనివర్సిటీలు వదిలే టైములో మాత్రం ఎక్కకండి, స్టూడెంట్ల మధ్య నిలబడే వెళ్ళాలి.