నేపుల్స్‌లో పిజ్జా: ఏ వీధికి, ఏ వేళకి వెళ్ళాలి

ఇటలీలోని నేపుల్స్‌లో పిజ్జా కోసం వెళ్ళేవాళ్ళు చాలామంది రాత్రి ఎనిమిదిన్నరకి, కడుపు కాలుతుండగా, అందరూ చెప్పిన ఒకే దుకాణం ముందు నిలబడిపోతారు. పాత ఊళ్ళో నడిచి వెళ్ళేంత దూరంలోనే మంచి పిజ్జేరియాలు అయిదారు ఉన్నాయి. దుకాణం కంటే ముందు వేళ చూసుకోండి. మధ్యాహ్నమైతే పన్నెండు కొట్టేలోపు, సాయంత్రమైతే ఏడింటికల్లా గుమ్మం దగ్గర ఉండాలి. ఆదివారం కొన్నిటికి సెలవు కాబట్టి ముందే కనుక్కోండి.

సెర్సాలే వీధిలోని ద మికేలే 1870 నాటిది. గారిబాల్ది స్టేషన్ నుంచి నడిచే వెళ్ళొచ్చు. అక్కడ ఊరికే వరసలో నిలబడితే మీ వంతు రాదు. గుమ్మం దగ్గర చీటీ తీసుకోవాలి. నంబరు ఇటాలియన్‌లో పిలుస్తారు కనుక మీ అంకెని ఎలా పలుకుతారో తెలుసుకుని ఉండండి. చాలాకాలం మార్గెరీటా (టమాటా, చీజ్ వేసేది), మరినారా (చీజ్ లేనిది) రెండే అమ్మారు, ఇప్పటికీ మెనూ చిన్నదే. పిజ్జా పళ్ళెం దాటి కిందికి వాలుతుంది, నడిమి బాగా తడిగా ఉంటుంది. కరకరలాడే పిజ్జా కోరుకునేవాళ్ళు ఇక్కడికి రాకపోవడమే మంచిది.

ట్రిబునాలి వీధిలో సోర్బిల్లో దగ్గర పేరు రాయించుకుంటే పిలుస్తారు. అదే వీధిలో 1936 నాటి ది మత్తేయో ఉంది. 1994లో జీ-7 సదస్సుకి వచ్చిన బిల్ క్లింటన్ ఇక్కడ తిన్నాడు. లోపల కూర్చునే ఓపిక లేకపోతే వీధి వైపు కౌంటర్లో చిన్న పిజ్జాని జేబురుమాలులా నాలుగు మడతలు పెట్టి, కాగితంలో చుట్టి ఇస్తారు. మడత కొస నుంచి టమాటా రసం కారుతుంది, కాస్త ముందుకి వంగి తినాలి.

ఒక్క పూటే ఉంటే మాత్రం మెట్రోలో మాటెర్డేయి స్టేషన్‌లో దిగి స్టారీటాకి వెళ్ళండి. 1901 నుంచి ఉన్న చోటు. ఇక్కడి మోంటనారా అనే పిజ్జా కోసం పిండిని ముందు నూనెలో వేయించి, టమాటా, పొగబెట్టిన ప్రొవోలా చీజ్ వేసి మళ్ళీ పొయ్యిలో పెడతారు. పైన పలచగా కరకర, లోపల దూది. ఇంత నూనె తిన్నా బరువనిపించదు.

ఎక్కడికి వెళ్ళినా మొదట మార్గెరీటానే చెప్పండి. పైన రకరకాలవి పరిస్తే పిండిలో లోపం కనపడదు. రాగానే అంచు ఎత్తి అడుగు చూడండి. పుల్కా మీద పడేలాంటి గోధుమ, నలుపు మచ్చలు చెదురుగా ఉంటే పొయ్యి సరిగ్గా కాగినట్టు. 430 నుంచి 485 డిగ్రీల సెల్సియస్ వేడిలో 60 నుంచి 90 సెకన్లలో కాలాలి. అడుగు తెల్లగా ఉంటే పొయ్యి చల్లారింది. అంతా నల్లగా, చేదుగా ఉంటే, పిండి ముద్ద సాగదీసేటప్పుడు చల్లిన పొడిపిండి దులపలేదు, మాడింది ఆ పిండే. నడిమి నీళ్ళు నిలిస్తే చీజ్ వడగట్టలేదని అర్థం. గేదెపాల మొజరెల్లాతో ఇది తరచూ జరుగుతుంది. అందుకే మొదటిసారికి ఆవుపాల ఫియోర్ ది లాత్తే చీజ్ మేలు.

శాకాహారులకి రెండు మాటలు మోసం చేస్తాయి. మరినారాలో చేపలుండవు, చీజ్ కూడా ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, ఆలివ్ నూనె, అంతే. ఇటాలియన్‌లో పెపెరోనీ అంటే క్యాప్సికమ్, మాంసం కాదు. కానీ నాపోలీ అని ఉన్నదాంట్లో ఆంకోవీ చేపలుంటాయి. కూరి వేయించే పిజ్జాలో రికోత్తా చీజ్‌తో పాటు పంది మాంసపు ముక్కలు వేస్తారు. ‘సెన్సా కార్నే, సెన్సా పేషె’ (మాంసం, చేపలు వద్దు) అని రెండూ కలిపి చెప్పండి. పార్మెజాన్ చీజ్‌ని, దూడ కడుపు నుంచి తీసే, పాలని విరిచే రెన్నెట్‌తో చేస్తారు కాబట్టి పట్టింపున్నవాళ్ళు అదీ వద్దనాలి.

బస డాంటే మెట్రో చుట్టుపక్కల తీసుకుంటే ట్రిబునాలి నడక దూరం, మాటెర్డేయి అదే మెట్రో లైన్లో రెండు స్టేషన్లు. బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికింత కనపడితే కంగారు పడొద్దు, అది కూర్చున్నందుకు రుసుము. పార్సిల్ మాత్రం కట్టించుకోవద్దు. డబ్బాలో ఆవిరి పట్టి, హోటల్ గది చేరేసరికి అంచు రబ్బరులా సాగుతుంది.