పెద్దల బొంద చూపిస్తానని డబ్బులు గుంజుతున్నాడు, కరీంనగర్, వరంగల్ వాళ్లు జాగ్రత్త

రీల్స్‌లో తెల్ల లాల్చీ వేసుకుని "మీ తాతముత్తాతల సమాధి ఎక్కడుందో మేం చూపిస్తాం" అంటూ వస్తాడే, అతని గురించే. మీలో చాలామంది ఫోన్లలోకి ఈపాటికి వచ్చే ఉంటాడు. ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ కొట్టకండి. దీపావళి రాత్రి జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది.

మా తాత 1978లో కరీంనగర్‌లో పోయాడు. ఆ తర్వాత మా వాళ్లు బతుకుదెరువుకు భివండి పోయారు. తిరిగొచ్చేసరికి బొందలగడ్డలో ఆయన ఎక్కడున్నాడో చెప్పేవాళ్లే మిగల్లేదు. దీపావళికి మా వాళ్లు బొందల దగ్గర ఏం చేస్తారో కరీంనగర్ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కార్ఖానగడ్డ శ్మశానంలో దీపాలు ఏటా టీవీల్లో వస్తూనే ఉంటాయి. వారం ముందే గడ్డి పీకి, సున్నం వేసి, పండుగ నాడు పూలు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, పిల్లలతో పటాకులు కాల్పించడం. మా వాడకట్టంతా ఎవరి బొంద దగ్గర వాళ్లు కూర్చుంటే, బాపు మాత్రం గేటు పక్కన ఒక ప్రమిద పెట్టి వచ్చేసేవాడు. అది చూడలేకే ఈ మహానుభావుడికి ఫోన్ చేశా.

పన్నెండు వేలు. సగం ముందే. వెతకడం, వీడియో, లొకేషన్, గ్రానైట్ పలక అన్నీ కలిపి ప్యాకేజీ అట. "ఖాస్రా పహాణీ తీయించినం సార్, మున్సిపల్ రికార్డుల కూడా దొరికింది" అన్నాడు. ఖాస్రా పహాణీ 1954-55 నాటి భూమి లెక్క. ఏ సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉంది, ఎవరు దున్నుతున్నారు అని ఉంటుంది గానీ, 1978లో పోయిన మనిషిని ఎక్కడ పూడ్చారో అందులో ఎట్లా ఉంటుంది? ఇక మున్సిపల్ రికార్డు అని వాట్సాప్‌లో పంపింది ఉత్త మరణ ధ్రువీకరణ పత్రం. ఎక్కడ చనిపోయాడో అందులో ఉంటుంది, ఎక్కడ బొంద పెట్టారో ఉండదు. డిగ్రీ చదివిన నేను ఆ కాగితం చూసి మురిసిపోయి మిగతా సగం కూడా కొట్టేశా, శభాష్.

పండుగ సాయంత్రం అందరం వెళ్లాం. తెల్లగా సున్నం కొట్టిన బొంద, తల దగ్గర మా తాత పేరుతో నల్ల పలక. బాపు చెప్పులు దూరంగా విడిచి, కల్లు సీసా పక్కన పెట్టి, "నాయినా, అచ్చిన" అని పలక మీద చెయ్యేసి ఏడ్చాడు. డెబ్బై దాటిన మనిషి. నా బిడ్డ పువ్వొత్తి వెలిగించింది. అప్పుడే బంతిపూల బుట్టతో ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు వచ్చి మా వెనక ఆగిపోయారు.

"ఎవలు బిడ్డా మీరు? ఇది మా మామ బొంద గదా."

నేను పలక చూపించా, వీడియో చూపించా. ఆ కొడుకు ఏం మాట్లాడలేదు. కూర్చుని, బండి తాళంచెవితో పలక కింద సున్నం గీకాడు. పెచ్చులు లేచాయి. లోపల, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఎప్పుడో మేకుతో రాసిన అక్షరాలు: వాళ్ల తాత పేరు, దాని కింద 1991. పలక ఇంకా సరిగ్గా అంటుకోను కూడా లేదు, ఒక్కసారి లాగితే చేతికొచ్చింది. బాపు కల్లు సీసా తీసుకుని పక్కకు జరిగి, ఆ ముసలమ్మకు దండం పెట్టాడు. ఆమె పాపం ఒక్క మాట అనలేదు. కొడుకు మాత్రం అన్నాడు, అనడా మరి?

అక్కడినుంచే ఫోన్ చేశా. జవాబు వినండి. "ఒక్క తీరు ఉంటయి సార్ అన్నీ. మట్టి ఏడున్నా మట్టే గదా. దీపం పెట్టిన్రు, మీ నాయినకు తృప్తి అయింది, ఇంకేంది?" డబ్బులు వాపసు ఇమ్మంటే, "పలక మీ దగ్గర్నే ఉంది గదా, అది మీకే" అన్నాడు. తర్వాత బ్లాక్. పన్నెండు వేలకు పలక బాగానే కొన్నాం.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫిర్యాదు ఇచ్చాను, చూడాలి. మొన్నటి నుంచి అదే గొంతు, అదే లాల్చీ, ఇంకో పేరుతో పేజీ. వచ్చే పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఇప్పుడే బుక్ చేసుకుంటే తగ్గింపు అట.

ఎవరైనా వెతికే పనిలో ఉంటే: సిమెంటు కట్టని మట్టి బొందలు కొన్నేళ్లకే చదునైపోతాయి, అదే చోట ఇంకొకరిని పెడతారు కూడా. కాబట్టి గ్యారంటీ అన్నవాడిని అక్కడే ఆపండి. బొందలు తవ్వే కుటుంబాలను, మీ కులపెద్దలను, చావుకు డప్పు కొట్టినవాళ్లను ముందు అడగండి. పక్క బొందలు ఎవరివో తెలిస్తే సగం పని అయినట్టే. క్రైస్తవులైతే చర్చిలో ఖననాల రిజిస్టరు ఉండొచ్చు, ఫాదర్‌నో పాస్టర్‌నో అడిగి చూడండి. ఎవరికైనా డబ్బులిచ్చి వెతికిస్తుంటే మాత్రం సున్నం వేయకముందు ఫొటో అడగండి.