రోజూ ముక్కులో వేసుకోవడానికి అణు తైలమా, ఉత్త నువ్వుల నూనెనా?

చలి గాలి మొదలైందంటే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. నస్యం అంటే ముక్కులో నూనె లాంటివి వేసుకోవడమని అడిగేవాళ్లకు ముందే తెలుసు. వాళ్లకు కావలసింది ఒక్కటే: జబ్బేమీ లేకుండా రోజూ రెండు చుక్కలు వేసుకోవాలంటే ఏ సీసా కొనాలి?

చాలామంది ఓటు అణు తైలానికే. పేరున్న ఆయుర్వేద మందు, ప్రాచీన వైద్యుడు చరకుడు స్వయంగా చెప్పింది. తయారీ చూసినా తేలిగ్గా తీసిపారేయలేం. చందనం, అగరు, దేవదారు, యష్టిమధుకం, తుంగముస్తలు, శతావరి, జీవంతి, ఇంకా చాలా మూలికలు. వాటిని నూనెకు నూరు రెట్లు వాన నీళ్లలో కాచి, పది రెట్లు మిగిలేదాకా ఇంకించాలి. ఆ కషాయంతో నువ్వుల నూనెను పదిసార్లు వండాలి. పదోసారి మేకపాలు కూడా పోయాలి. ఇంత శ్రమపడి చేసిన నూనె గానుగ నూనె కంటే తక్కువ ఎలా అవుతుందని అడుగుతారు.

తక్కువని నేననడం లేదు. దాన్ని ఎప్పుడు, ఎలా వాడమన్నారు అన్నదే నాకు ముఖ్యం. చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయంలో అణు తైలం రోజూ పళ్లు తోముకున్నంత మామూలు అలవాటుగా కనిపించదు. ఏడాదికి మూడు రుతువుల్లో, అంటే ప్రావృట్ (తొలకరి వానల కాలం), శరత్, వసంతాల్లో, అదీ ఆకాశంలో మబ్బు లేనప్పుడు వాడమన్నాడు. తలకు నూనె రాసి, చెమట పట్టించి, దూదితో ముక్కులో పిండమన్నాడు. మూడేసి రోజులకోసారి చొప్పున ఏడు రోజుల లెక్క చెప్పాడు. ఆ రోజుల్లో గాలి తగలకుండా ఉండాలి, తిండి పథ్యంగా ఉండాలి. పరిమాణం అర పలం (పలం పాతకాలపు తూకం). రెండు చుక్కలతో పోలిస్తే చాలా ఎక్కువ! ఇది ఒక చికిత్సా క్రమం. మన రెండు చుక్కల అలవాటుకు ఆ శ్లోకాలను సాక్ష్యంగా తెస్తే అతకదు.

రోజువారీ రెండు చుక్కల పద్ధతి పేరు ప్రతిమర్శ నస్యం. చరకుడి తర్వాతి ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు అష్టాంగ హృదయం సూత్రస్థానం ఇరవయ్యో అధ్యాయంలో దీని గురించి చెబుతూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిత్యం వేసుకోవడానికి తైలమే మంచిది, తల కఫానికి స్థానం కాబట్టి మిగతా స్నేహాలు (జిడ్డు పదార్థాలు) వద్దు అన్నాడు. ఆ మాట నెయ్యి లాంటివాటిని పక్కన పెట్టడానికే, మూలికా తైలాలకు అడ్డు చెప్పడానికి కాదు. అయినా పాతిక మూలికలు ఉండి తీరాలని కూడా అక్కడ లేదు.

అందుకే నా మొగ్గు ఉత్త నువ్వుల నూనె వైపు. ముక్కు లోపలి పొర చాలా సున్నితం. రోజూ అక్కడ పడేదాంట్లో ఎన్ని తక్కువ వస్తువులుంటే అంత మేలు. మంట, తుమ్ములు మొదలైతే కారణం నూనేనని వెంటనే తెలుస్తుంది. పాతిక మూలికల్లో ఏది పడలేదో ఎవరు చెప్పగలరు? పొడిబారిన ముక్కుకు శుద్ధమైన నువ్వుల నూనె ఉప్పునీటి కంటే బాగా పనిచేసిందని స్వీడన్‌లో చలికాలంలో చేసిన ఒక పరిశీలన 2001లో అచ్చయింది. ఒక్కోదాన్ని పద్నాలుగు రోజులు వాడి చూశారు. నేను ఆశించేదీ అంతవరకే: ముక్కు ఎండిపోకపోవడం, పక్కులు కట్టకపోవడం. జుట్టు నెరవదని గ్రంథంలో ఉన్నా, దానికోసమైతే నూనె దండగ.

నూనె ఏదైనా అసలు టెన్షన్ పడాల్సింది పరిమాణం గురించే. నూనె చుక్కలు ఎక్కువై, నెలల తరబడి గొంతు వెనక నుంచి ఊపిరితిత్తుల్లోకి జారితే లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బు వస్తుంది. 1925 నుంచే వైద్యులు దీన్ని రాస్తూ వచ్చారు. నూనెకు దగ్గు రాదు, అందుకే జారినట్టు తెలియదు. కాబట్టి రాత్రి పడుకునే ముందు వద్దు. పొద్దున ముఖం కడుక్కున్నాక ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు, లేదా చిటికెన వేలికి రాసుకుని లోపలి అంచుకు పూసుకుంటే చాలు. గొంతులోకి దిగినది మింగకుండా ఉమ్మేయాలి. ప్రతిమర్శం పుట్టినప్పటి నుంచి చివరిదాకా మంచిదేనని వాగ్భటుడు అన్నా, పసిపిల్లలకూ, మింగడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్లకూ నేను వద్దనే అంటాను. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో ఎవరికైనా ఆపేయడమే.

నూనె కొనేటప్పుడు వేయించని నువ్వులతో తీసినది చూసుకోండి. చిన్న డ్రాపర్ సీసాలో పోసుకుని, ఎవరి సీసా వాళ్లే వాడుకోవాలి. కాస్త ముక్క వాసన వచ్చినా పారేయండి.

అణు తైలం కావాలనుకుంటే వైద్యుడికి చూపించుకుని రుతువు ప్రకారం వాడండి. పదే పదే జలుబు, సైనస్ బరువు ఉన్నవాళ్లకు ఆ దారి ఉంది. షడ్బిందు తైలం తలనొప్పుల మందు, రోజువారీ లెక్కలోకి రాదు. నెయ్యి చలికి గడ్డకడుతుంది, వాగ్భటుడు కూడా పక్కన పెట్టాడు. కర్పూరం, పుదీనా పువ్వు కలిపినవి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తాయి, అంతే. పిల్లల దగ్గరకు అసలు రానివ్వకండి.

ఉప్పునీటితో కడగడం వేరే పని. దుమ్ము, అలర్జీ ఉన్నవాళ్లకు నూనె కంటే అదే ముందు. రెండూ చేసేవాళ్లు మరిగించి చల్లార్చిన నీళ్లతో ముందు కడుక్కుని, ముక్కు ఆరాక నూనె వేసుకోవాలి. కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు, అందులో ఉండే అమీబా వల్ల ప్రాణాలు పోయినవాళ్లున్నారు.