ఇంత లావు పచ్చ పురుగు: సీతాకోకచిలుకదా, చిమ్మటదా?

నిరుడు వానాకాలంలో హనుమకొండలో మా ఇంటి ముందున్న నందివర్ధనం కింద, గచ్చు మీద మిరియాలంత నల్ల పెంటికలు కనపడ్డాయి. ఎలుకలేమో అనుకుని రెండు రోజులు ఊడ్చేశాను. మూడో పొద్దున అమ్మ పూజకు పూలు తెంపుతూ ఒక్క కేక పెట్టింది. కొమ్మకు తలకిందులుగా, నా వేలంత లావు, వేలంత పొడుగు పచ్చ పురుగు. "ముట్టకు బిడ్డా, దద్దుర్లొస్తయి" అంది.

ఫోటో తీసి యాప్‌లో పెడితే ఏదో టమాటా పురుగు అని చెప్పింది, తీరా చదివితే అది అమెరికాది, మన దగ్గర ఉండనే ఉండదు. అందుకే నా మాట ఏంటంటే పురుగును కాదు, ముందు అది తింటున్న చెట్టును చూడండి. ఇవి ఏది పడితే అది తినవు, సగం జవాబు ఆకులోనే ఉంటుంది.

కల్యామాకు (అదే, కరివేపాకు) మీదో నిమ్మ మీదో ఉంటే దాదాపుగా సీతాకోకచిలుకదే. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, చూసినా వదిలేస్తాం. చివరిసారి కుబుసం విడిచాక పచ్చగా మారి నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అప్పుడు గానీ మన కంట్లో పడదు. అనుమానం ఉంటే పుల్లతో మెల్లగా తట్టండి, తల వెనక నుంచి నారింజ రంగులో రెండు మెత్తటి కొమ్ములు బయటికొచ్చి, కుళ్లిన నిమ్మకాయ లాంటి ఘాటు వాసన కొడుతుంది. బెదిరింపే, అంతకు మించి ఏమీ చేయలేదు. తోక వైపు కొమ్ము ఉండదు.

నందివర్ధనం, గన్నేరు మీదిది వేరు, చిమ్మటది. ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది, తోక మీద పొట్టిగా పసుప్పచ్చ కొమ్ము. కదిలిస్తే తల లోపలికి లాక్కుంటుంది, అప్పుడు మెడ మీద నీలం, తెలుపు కలిసిన రెండు గుండ్రటి మచ్చలు పెద్ద కళ్లలా తెరుచుకుంటాయి. మా అమ్మ కేక పెట్టింది వాటిని చూసే. నిజానికి అవి కళ్లు కావు, ఆ కొమ్ము కుట్టదు. తుంచితే పాలు కారే ఆ విషపు ఆకును అది మాత్రం హాయిగా తింటుంది!

మూడోది నువ్వు చేలో, వంగ, చిక్కుడు మీద దొరుకుతుంది, వీటిలో అన్నిటికన్నా పెద్దది. ఒంటి మీద ఏటవాలు చారలు, తోక కొమ్ము గరుకుగా వంకర తిరిగి ఉంటుంది, విసిగిస్తే దవడలతో టిక్కుటిక్కుమంటుంది. ఇదీ చిమ్మటదే, రెక్కలొచ్చాక దాని వీపు మీద పుర్రె బొమ్మ లాంటి మచ్చ ఉంటుంది, తేనెపట్టులో దూరి తేనె తాగుతుంది.

మద్ది చెట్టు మీద లావుపాటి పచ్చ పురుగు కనపడితే మాత్రం దసలి పట్టుదేమో చూడండి, మహాదేవపూర్, చెన్నూరు వైపు దాన్ని చెట్ల మీదే పెంచుతారు. ఇక వరంగల్‌లో పచ్చ పురుగంటే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది పత్తి కాయ తొలిచే శనగపచ్చ పురుగు, 1997-98లో పత్తి పోయి ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆ భయంతోనే ప్రతి పచ్చ పురుగుకూ మందు కొడదాం అంటారు.

నేనూ ఒకసారి ఆ పని చేశాను. షాపులో ఇచ్చిన మందు కల్యామాకు కుండీకి కొట్టాక ఆకు పోపులో వేయాలంటే భయమేసి, నెల రోజులు బజార్లో కొనుక్కున్నాం. మరి ఏది మేలు? నందివర్ధనం మీదిదైతే వదిలేయడమే, గుబురు చెట్టు, మళ్లీ చిగురేస్తుంది. మాది ఒక సాయంత్రం గోధుమ రంగులోకి మారి కిందికి దిగి ఎండాకుల్లో దూరింది. నిమ్మ చెట్టు పెద్దదైతే అదీ అంతే. కుండీలో రెండడుగుల కల్యామాకైతే మాత్రం నాలుగు పురుగులు వారంలో మోడు చేస్తాయి, జాలి పడొద్దు, కొమ్మతో సహా తీసి పెద్ద నిమ్మ చెట్టు మీద పెట్టండి. వంగ మొక్కా అంతే, చేత్తో ఏరేస్తే చాలు.

చేత్తో అన్నాను గానీ నున్నగా ఉన్నవాటినే. మామిడి ఆకు వెనక పచ్చగా, పొట్టిగా, ముళ్ల కుచ్చులతో ఇంకోటి ఉంటుంది, అది తగిలితే నిప్పు అంటుకున్నట్టే మంట, దాని విషయంలో అమ్మ మాటే కరెక్టు.

ఈ వారం మా కుండీలో మళ్లీ రెండు "రెట్టలు" కనపడుతున్నాయి. అమ్మ ముందే పప్పుకు సరిపడా ఆకు తెంపి ఫ్రిజ్‌లో పెట్టుకుంది.