మరిచిపోబోయే వేళకు అడిగే యాప్: ఆంకీతో ఎనిమిది నెలలు

మెదడు భాగాల పేర్లు ఎన్నిసార్లు చదివినా వారం తిరిగేసరికి నాకు గుర్తుండేవి కావు. వాటిని కంఠతా పట్టడానికే ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌ను ఎనిమిది నెలలుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. దీన్ని డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేశారు; కంఠస్థం చేయడమనే అర్థమున్న జపనీస్ మాటే దీని పేరు.

కార్డు ముందువైపు ప్రశ్న కనిపిస్తుంది. జవాబును మనసులో చెప్పుకున్నాక వెనకవైపు చూసుకుని, అది అసలు రాలేదో, కష్టపడితే వచ్చిందో, ఇట్టే వచ్చిందో మనమే నొక్కి చెప్పాలి. దాన్ని బట్టి ఆ కార్డు రేపే రావాలో మూడు వారాలకు రావాలో యాప్ నిర్ణయిస్తుంది. మరపు మొదట్లో వేగంగాను, తర్వాత నెమ్మదిగాను సాగుతుందని, ఒకే విడతలో వల్లె వేయడం కంటే రోజులు విడిచి చేసే పునశ్చరణ మేలని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించిన సంగతికి ఇది యంత్రరూపమని చెప్పవచ్చు. 2023లో చేర్చిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే లెక్కింపు పద్ధతి, కార్డు గుర్తుండే అవకాశం మనం కోరిన స్థాయికి, మామూలుగా 90 శాతానికి, దిగే రోజును అంచనా కడుతుంది.

అయితే యాప్ చేసేది సగం పనే. మనం చూసిన రూపం, విన్న మాట మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో వేర్వేరు చోట్ల నమోదైతే, వాటిని ఒక్క అనుభవంగా ముడివేసేది మెదడు లోపల ఉండే హిప్పోకాంపస్ అనే భాగం. ఆ ముడి గట్టిపడటంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది, ఎందుకంటే పగలు నాడీకణాలు స్పందించిన క్రమమే గాఢనిద్రలో అక్కడ మళ్లీ మళ్లీ నడుస్తుంది. ఇది కార్డు మీద రాసుకుని కూడా, ఒకసారి తెల్లవార్లూ మేలుకుని రెండు వందల కొత్త కార్డులు చూశాను. మర్నాడు సగానికి పైగా తప్పాయి. ఆ తప్పు యాప్‌ది కాదు.

ఇతరులు తయారుచేసి పెట్టిన కార్డుల కట్టలు మాత్రం నాకు కలిసిరాలేదు. అర్థం కంటే ముందు కార్డు రూపమే గుర్తుండిపోయి, ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు చెప్పేసేవాణ్ణి. అదే ప్రశ్న మరో మాటల్లో ఎదురైతే నోరు పెగిలేది కాదు. సొంతంగా, ఒక్కో కార్డుకు ఒక్క విషయం చొప్పున రాసుకున్నవే నిలిచాయి.

ఆంకీకి ఉన్న మరొక హద్దు హెన్రీ మోలైసన్ కథలో ఉంది. మూర్ఛకు చికిత్సగా 1953లో ఆయన మెదడుకు రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తొలగించారు. ఆ తర్వాత కొత్త సంఘటనలేవీ ఆయన మనసులో నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రాన్ని గీసే పనిలో, తాను దాన్ని ముందెన్నడూ చేసినట్టు గుర్తులేకుండానే, రోజురోజుకూ మెరుగయ్యారని నాడీ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ గమనించారు. అంటే చేతి నైపుణ్యం మెదడులో నిలిచే దారి వేరు. ఈ మధ్య గిటారు నేర్చుకుంటున్న మిత్రుడొకరు ఆంకీ పనికొస్తుందా అని అడిగితే, స్వరాల పేర్లకు పనికొస్తుందని, వేళ్లకు మాత్రం కాదని చెప్పాను.