సాకెట్ మూత లేకుండా మదర్‌బోర్డ్ వాపసు ఇవ్వకండి: ఎస్పీ రోడ్‌లో నాకు తగిలిన దెబ్బ

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో కంప్యూటర్ సామాన్లు కొనే మనవాళ్ళకి ఒక మాట. చెడిపోయిన మదర్‌బోర్డ్‌ను షాపువాడి చేతికి ఇచ్చేముందు, అక్కడే కౌంటర్ మీద, వాడు చూస్తుండగా ప్రాసెసర్ సాకెట్‌ను (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఫొటో తీయండి. నేను తీయలేదు. 14,800 రూపాయలు పోయాయి. షాపు పేరు మాత్రం రాయను. చేతిలో రుజువు లేకుండా పేరు పెడితే అది నా మెడకే చుట్టుకుంటుంది. అసలు నా గొడవంతా ఆ రుజువు లేకపోవడమే.

మా తమ్ముడి కోసం కొత్త సిస్టమ్ కట్టాలని బోర్డు, ఇంటెల్ ప్రాసెసర్ ఒకే షాపులో కొన్నాను. జీఎస్టీ బిల్ వద్దంటే తగ్గిస్తామన్నారు గానీ ఒప్పుకోలేదు. వారంటీ అడగాలంటే కచ్చా చీటీ ఎందుకూ పనికిరాదు. "పిన్నులు సున్నితం అన్నా, మేమే పెట్టిస్తాం" అని కౌంటర్ కుర్రాడు ప్రాసెసర్‌ను అక్కడే బిగించాడు. మదనపల్లె అబ్బాయి, తెలుగులో మాట్లాడేసరికి నాకు సగం భయం పోయింది. లివర్ నొక్కగానే సాకెట్ మీదున్న నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఊడి బల్ల మీద పడింది. ప్యాకింగ్ చెత్తేమో అనుకున్నాను. దాన్ని వదిలేసి డబ్బా పట్టుకుని వచ్చేశాను.

నాలుగో రోజుకి తేడా బయటపడింది. ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు పెడితే విండోస్‌లో ఎనిమిదే చూపిస్తోంది. స్టిక్కులు అటూ ఇటూ మార్చి చూశాను. ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో రెండూ విడివిడిగా పనిచేస్తున్నాయి. మూడు, నాలుగు స్లాట్లలో ఏది పెట్టినా బోర్డు మీద డీర్యామ్ లైటు (ర్యామ్ దగ్గర తేడా ఉందని చెప్పేది) వెలిగి బొమ్మ రావడం లేదు. అంటే ఒక చానల్ (ర్యామ్ స్లాట్ల నుంచి ప్రాసెసర్‌కి వెళ్ళే దారి) మొత్తం పడుకుంది. ఫోన్ చేస్తే "తీసుకురండి అన్నా, చూసి మార్చేద్దాం" అన్నారు. అంత తియ్యగా మాట్లాడితే ఎవరు అనుమానిస్తారు?

విప్పడం జాగ్రత్తగానే విప్పాను. షట్‌డౌన్ చేశాక ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) వెనక స్విచ్ ఆపి, వైరు పీకి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకున్నాను. ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లు ఎక్కడ ఉన్నాయో ఫొటో తీశాను (ఆ ఫొటో తీసినవాడికి సాకెట్ ఫొటో ఎందుకు తట్టలేదో!). పని చేస్తున్నంతసేపూ మధ్యమధ్య క్యాబినెట్ ఇనుమును ముట్టుకుంటూ ఉన్నాను, ఒంట్లోని స్టాటిక్ కరెంటు బోర్డు మీదికి పోకుండా. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను వైర్లు పట్టి లాగకండి. పక్కనున్న క్లిప్పు నొక్కితే అదే వస్తుంది.

ప్రాసెసర్ మీదుండే కూలర్ దగ్గర ఇంకో జాగ్రత్త. మాది ఎల్‌జీఏ 1700 సాకెట్ (పిన్నులు బోర్డు మీదే ఉండే రకం) కాబట్టి ప్రాసెసర్‌ను లివర్ పట్టి ఉంచుతుంది. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్ వాళ్ళకి అలా కాదు. పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, మొత్తం 1331. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ గట్టిపడితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. సిస్టమ్ ఆన్ అవుతుంటే పది నిమిషాలు నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆపి, కూలర్‌ను మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పి తీయాలి. నిటారుగా పైకి లాగకూడదు.

ప్రాసెసర్ తీశాక సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులు 1700 బయటపడ్డాయి. వాటి మీద కప్పాల్సింది ఆ నల్ల మూతే. అది షాపులోనే ఉండిపోయింది. చేసేదిలేక బోర్డును స్టాటిక్ కవర్లో దూర్చి, డబ్బాలో పెట్టి, కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగాను. మెజెస్టిక్ రద్దీ తెలుసుగా, డబ్బాను పసిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాను.

షాపులో ఆ కుర్రాడే "టెస్ట్ చేసి తెస్తాను" అని లోపలికి పట్టుకెళ్ళాడు. నలభై నిమిషాలకి ఓనరుతో తిరిగొచ్చాడు. ఫోన్ టార్చ్ వేసి చూపిస్తే మూలన ఒక పిన్ను పక్కకి వాలి ఉంది. "ర్యామ్ రానిది దీనివల్లే. మీరు వంచేశారు. పైగా క్యాప్ కూడా లేదు" అన్నాడు ఓనరు. క్యాప్ మీ బల్ల మీదే పడిందంటే, "ఎవరు చూశారు?" అన్నాడు.

వాళ్ళ వాదన ఉత్త బుకాయింపూ కాదు. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. స్లాట్ల నుంచి వచ్చే దారులు సాకెట్ పిన్నుల గుండానే దానికి చేరతాయి. సంబంధిత పిన్ను ఒక్కటి తగలకపోయినా చానల్ పోవచ్చు. కూలర్‌ను ఒకవైపు ఎక్కువగా బిగించినా అలా జరుగుతుంది. ఆ పిన్ను వాళ్ళు ప్రాసెసర్ పెట్టినప్పుడే వంగిందా, మెట్రోలో వంగిందా, ఆ నలభై నిమిషాల్లో లోపల వంగిందా? నేను ప్రమాణం చేసి చెప్పలేను. వాళ్ళూ చెప్పలేరు. కానీ నష్టం నాది.

సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కాగితం మీద "సీఐడీ" అని రాసిచ్చారు. పోలీసులు కాదు, కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్. అంటే మనమే పాడుచేశామని. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. షాపువాళ్ళు ఆ సీఐడీ కాగితమే జవాబుగా పంపారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. కానీ అక్కడైనా ముందు అడిగేది రుజువే.

చివరికి మొబైల్ రిపేర్ చేసే ఒకాయన మైక్రోస్కోప్ కింద ఆ పిన్నును సరిచేశాడు. 1,200 తీసుకున్నాడు. ఇంటికొచ్చి ప్రాసెసర్ పెట్టి చూస్తే మూడు, నాలుగు స్లాట్లు ఎప్పటిలాగే చచ్చి ఉన్నాయి! అంటే ఆ పిన్ను కాదు కారణం, బోర్డే లోపంతో వచ్చి ఉంటుందని నా నమ్మకం. అయితే రిపేర్ చేయించిన బోర్డును ఇక ఎవరు పట్టించుకుంటారు?

కాబట్టి ఇచ్చేటప్పుడు సాకెట్‌తో పాటు బోర్డు మీది సీరియల్ నంబర్ కూడా పడేలా వీడియో తీయండి. ఆ నంబరు బిల్లులోనూ ఉందో లేదో కొన్న రోజే చూసుకోండి. లోపలికి పట్టుకెళ్తామంటే ముందు రసీదు రాయించుకోండి, అందులో "పిన్నులు బాగున్నాయి" అన్న ముక్క ఉండాలి. రాయనంటే బోర్డు ఇవ్వకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు పార్సిల్ విప్పేటప్పుడు తీసే వీడియోలోనే సాకెట్‌నీ దగ్గరగా చూపించండి.

పోయిన వారం అదే రోడ్డులో వేరే షాపులో ఇంకో బోర్డు కొన్నాను. ఈసారి ఫోన్ ఆన్ చేసి పట్టుకుని ప్రాసెసర్ పెట్టించాను. మూత ఊడి పడగానే చెయ్యి చాపి, "అది నాకు కావాలి" అన్నాను. ఆ షాపతను నవ్వి బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె తీశాడు. నిండా నల్ల మూతలే.

"ఎన్ని కావాలి సార్?" అన్నాడు.