షోలవరం ఆర్డీ రోడ్డెక్కితే: పన్నెండేళ్ల వాడకం తర్వాత

చెన్నైకి ఉత్తరాన షోలవరంలో, విమానాల పాత రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల్లో ట్యూన్ చేసిన రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిల్ ఇది, అందరూ ఆర్డీ అనే బండి. హెచ్‌టీ (హై టార్క్) మోడల్, 347 సీసీ, జంట సిలిండర్ల టూ స్ట్రోక్, ఆరు గేర్లు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన బండి. ఇంజన్‌కు పదికి తొమ్మిది మార్కులు, ముందు బ్రేకుకు మూడు. రేసు ట్యూనింగ్ ముట్టుకోకుండా అలాగే రోడ్డుకు తెస్తే మాత్రం సున్నా.

ఇలాంటి రేసు బండికి సాధారణంగా ఇంజన్‌కు విడిగా ఆయిల్ అందించే పంపు తీసేసి ఉంటుంది. పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి: 25:1 అంటే 10 లీటర్లకు 400 మి.లీ. ట్రాక్ మీద అది బాగానే నడుస్తుంది. అదే అనంతగిరి గుట్ట దిగుతూ యాక్సిలరేటర్ మూసి గేర్‌లోనే వదిలేశారనుకోండి, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది గానీ పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగిపోతుంది. పిస్టన్ పట్టేస్తుంది. దిగేటప్పుడు క్లచ్ పట్టి మధ్యమధ్యలో రేజ్ ఇవ్వాలి. లేదా పంపు మళ్లీ పెట్టించుకోవాలి, అదే మేలు. పంపు పెట్టాక లైన్లో గాలి పోయేదాకా లీటరుకు 25 మి.లీ. కలిపిన పెట్రోలే వాడాలి. ఆముదం ఆయిల్ వాసన అద్భుతమే, కాదనను. కానీ బండి పది రోజులు నిలబడితే అది జిగురై కూర్చుంటుంది. రోడ్డుకు జాసో ఎఫ్‌డీ (జపాన్ ప్రమాణం) రకం టూ స్ట్రోక్ ఆయిల్ చాలు.

అసలు జబ్బు క్రాంక్ సీళ్లది, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు (క్రాంక్) చివర్లలో ఉండే రబ్బరు రింగులది. ఏళ్ల తరబడి షెడ్లో ఉన్న బండికి రబ్బరు గట్టిపడిపోతుంది. కుడివైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్‌ను క్రాంక్ గదిలోకి లాగేస్తుంది. తెల్లపొగ ఆగదు, గేర్‌బాక్సులో మట్టం తగ్గుతూ పోతుంది. ఇది నయం, కళ్లకు కనిపిస్తుంది. ఎడమవైపు, పాయింట్ల (స్పార్క్ సమయానికి ఇప్పించే స్విచ్చుల) వైపు సీలు పోతే పొగ ఉండదు, గాలి చొరబడి పెట్రోలు, గాలి మిశ్రమం పలచనవుతుంది. ఐడిలింగ్ దానంతటదే పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలినా రేజ్ వెంటనే దిగదు. మెకానిక్ కార్బురేటర్ స్క్రూలు తిప్పుతూ కూర్చుంటాడు, ఈలోగా పిస్టన్‌కు రంధ్రం పడుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి 6 పీఎస్ఐ గాలి పట్టించండి. ఆరు నిమిషాలు నిలవాలి. నిలవకపోతే అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు చోటు చెబుతాయి. ఈ పరీక్ష కాకుండా కార్బురేటర్ జెట్ల (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాల) జోలికి వెళ్లొద్దు.

తర్వాత టైమింగ్. రెండు సిలిండర్లకు పాయింట్లు వేరు, గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. పిస్టన్ పైకి చేరడానికి 2 మి.మీ. ముందు స్పార్క్ రావాలి, డయల్ గేజ్‌తో విడివిడిగా చూడాలి. కంటితో కుదిర్చితే ఒక పక్క సిలిండరే ఎప్పుడూ వేడెక్కుతుంది. ఇప్పటి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మిశ్రమాన్ని ఇంకాస్త పలచన చేస్తుంది. మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచి, ప్లగ్ కాఫీపొడి రంగుకు వచ్చేదాకా చూసుకోండి. తెల్లగా ఉంటే బండి అక్కడే ఆపేయాలి. ఇన్‌టేక్‌లో తెరుచుకు మూసుకునే పలచని రేకులు (రీడ్లు) పాత స్టీలువైతే మార్చేయండి, విరిగిన ముక్క తిన్నగా ఇంజన్లోకే పోతుంది.

పోర్టింగ్ చేసిన, అంటే రేసు కోసం లోపలి దారులు మార్చిన సిలిండర్లకు తక్కువ వేగంలో లాగుడు ఉండదు. వాటిని ఆయిల్ పూసి గుడ్డలో చుట్టి దాచుకుని, స్టాండర్డ్ సిలిండర్లు వేసుకుంటే ఊళ్లో నడపవచ్చు. మైలేజి 20, 25 మధ్య.

ముందు 7 అంగుళాల డ్రమ్ముకు 30 గుర్రాల ఇంజన్ ఎక్కువ. లైనింగ్ కొత్తగా వేయించి, రెండు షూలూ ఒకేసారి తాకేలా లింకు సరిచేస్తే కొంత నయం. వానలో దూరం పాటించడమే మార్గం.

కాగితాలు: యజమాని పోయాక 30 రోజుల్లో ఆర్టీఓకు తెలిపి, 3 నెలల్లో ఫారం 31 పెట్టాలి. పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఫారం 25తో అయిదేళ్లకోసారి రెన్యువల్. పాతకాలపు బళ్లకు పెట్టిన 2021 వింటేజ్ నిబంధనకు యాభై ఏళ్లు దాటాలి, 1983 బండికైనా ఇంకా వయసు చాలదు. రేసుల్లో ఇంజన్ కేసులు మార్చడం మామూలే. కాబట్టి తనిఖీకి తీసుకెళ్లేముందే ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిచూసుకోండి.